మామూలు కారుకు ప్రీమియం పెట్రోలు దండగ

ఆంధ్రలో కంటే ఒడిశాలో పెట్రోలు చవక. అందుకే పాతపట్నం కార్లు సరిహద్దు దాటి పర్లాకిమిడి బంకుల్లో ట్యాంకు నింపుకుంటాయి. అలా మిగిలిన డబ్బును కొందరు అక్కడే ప్రీమియం పెట్రోలుకు ధారపోస్తున్నారు. ఒడిశాలోని రాయగడ, జయపురం తెలుగువాళ్లలోనూ ఇదే మోజు. మామూలు కారు విషయంలో ఇది శుద్ధ దండగ.

ప్రీమియం అంటే ఆక్టేన్ అంకె ఎక్కువున్న పెట్రోలు. కానీ ఆక్టేన్ అంటే బలం కాదు. సిలిండరులో ఒత్తిడికి గురైన పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే కొలత. తట్టుకోలేకపోతే ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దాన్నే. 91 ఆక్టేన్ సరిపోయే ఇంజిన్‌లో 100 పోసినంత మాత్రాన కొత్త శక్తి పుట్టుకురాదు.

గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఇంజిన్ల సంగతి వేరంటారు. నిజమే, కారుతో వచ్చే మాన్యువల్‌లో 95 అని ఉంటే అదే పోయాలి. తక్కువ పోస్తే నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సరు ఇంజిన్‌ను కాపాడినా పికప్పు, మైలేజీ తగ్గుతాయి.

ఘాట్ రోడ్లకు ప్రీమియమే మేలన్న మాట మాత్రం ఒప్పుకోను. సాలూరు దాటి సుంకి ఘాట్‌లో నాలుగో గేరు వదలకుండా ఎక్కిస్తే ఏ బండైనా ముక్కుతుంది. దానికి మందు గేరు తగ్గించడం. పైగా కోరాపుట్ పీఠభూమి దాదాపు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలికి టర్బో లేని ఇంజిన్‌లో ఒత్తిడి తగ్గి, నాకింగ్ ముప్పూ తగ్గుతుంది.

అసలు విషయం ఇంకొకటి. బీఎస్-4 కాలుష్య ప్రమాణాల కాలంలో 88గా ఉన్న మామూలు పెట్రోలు ఆక్టేన్ బీఎస్-6తో 91కి, ఇప్పుడు 20 శాతం ఇథనాల్‌తో 95కి చేరిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే ప్రకటించింది. మామూలు పంపులోనే 95 వస్తుంటే, 95 పేరుతో అమ్మే ప్రీమియానికి అదనపు ధర దేనికి? ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఆక్టేన్ వేరు, శక్తి వేరు అనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇవేవీ తెలియకుండా కొనేవాడు ఎలా ఎంచుకోవాలి? అమెరికాలో పంపు మీద ఆక్టేన్ అంకె అతికించడం తప్పనిసరి. ఇక్కడ కూడా ఆక్టేన్, ఇథనాల్ శాతం రెండూ ధరతో సమానమైన పెద్ద అంకెల్లో కనిపించాలి. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల బంకుల్లో ఆ వివరం ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి.