సవరణ: కోట్లిన్ నేర్చుకోమంటే జావా మానేయమని కాదు

ఆండ్రాయిడ్ యాప్‌లు రాయాలనుకునేవారు కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టాలని గత పోస్టులో రాశాను. అది చదివి, విశాఖ ద్వారకానగర్‌లో మరో ప్రోగ్రామింగ్ భాషైన జావా కోర్సుకు ఫీజు కట్టిన విద్యార్థులు సగంలో మానేయాలా అని అడుగుతున్నారు. దయచేసి మానకండి, పూర్తి చేయండి. 2019లో గూగుల్ కోట్లిన్‌కు పెద్దపీట వేసిన మాట నిజమే. కానీ నా సలహా కొత్త ఆండ్రాయిడ్ యాప్‌ల వరకే. సర్వర్లలో జావా వాడకం ఇప్పటికీ విస్తారంగా ఉంది. ఒకే ప్రాజెక్టులో రెండూ కలిసి పనిచేస్తాయి కూడా.

జావాలో క్లాసులు, ఇంటర్‌ఫేస్‌లు వంటి కోడ్ నిర్మాణాలు ఒంటబట్టినవారికి కోట్లిన్ బెదురు పుట్టించదు. నాకు బాగా నచ్చిన తేడా ఒకటుంది: స్ట్రింగ్ (అక్షరాల వరుసను ఉంచే రకం) పక్కన ప్రశ్నార్థకం పెడితే తప్ప అందులో నల్ (అంటే విలువ ఏదీ లేకపోవడం) ఉంచడానికి కోట్లిన్ కంపైలర్ (కోడ్‌ను నడిపే ముందు తనిఖీ చేసి మార్చే ప్రోగ్రాం) ఒప్పుకోదు. జావాలో ఆ పొరపాటు చాలాసార్లు ప్రోగ్రాం నడుస్తుండగా గానీ బయటపడదు.

ఐఫోన్ యాప్‌లకు స్విఫ్ట్ భాష అని గత పోస్టులో రాసిన భాగంలో మార్పేమీ లేదు.