ఒక్కసారే వినిపిస్తామంటే ఎలా?

పోయిన ఏడాది ఓ రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. విదేశీ చదువులకి రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి నాలుగు నెలలు నా దగ్గర ప్రిపేర్ అయిన అమ్మాయి. రిజల్ట్ వచ్చిందట. లిజనింగ్‌లో 9కి 6. తను చేరాలనుకున్న కోర్సుకి ఏ సెక్షన్‌లోనూ 6.5కి తగ్గకూడదు. రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ మూడూ గట్టెక్కేసింది. "అంతా అర్థమైందక్కా. ఒక్కచోట ఆగిపోయా. అంతే అక్కా, ఒక్కచోటే" అని అదే మాట పదిసార్లు అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. మళ్లీ రాద్దువుగానిలే, పడుకో అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. ఈ వారం ఇంకో అబ్బాయి వచ్చి పొల్లుపోకుండా అదే మాట అన్నాడు. ఇన్నాళ్లూ క్లాసులో గొణుక్కుంటున్నదంతా ఇక్కడ రాసేస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందే చెప్పేస్తా, నేను పరీక్షలే వద్దనే మనిషిని కాను. ఇంగ్లీషులో పాఠాలు చెప్పే యూనివర్సిటీ, చేరబోయే పిల్లలకి ఆ భాష ఎంత వచ్చో చూసుకోవాలి. చూసుకోకుండా చేర్చుకుంటే మొదటి నెల్లోనే క్లాసులో దిక్కులు చూస్తూ కూర్చునేది ఆ పిల్లలే. అయితే చూసేదేదో సరిగ్గా చూడండి అంటున్నా.

ఆ అమ్మాయిని రెండ్రోజుల తర్వాత పిలిచి, అసలు ఎక్కడ ఆగిపోతోందో చూద్దామని ఒక ప్రాక్టీస్ ఆడియో పెట్టాను. ఎవరో ఫోన్ చేసి ఏదో క్లాసులో చేరతామని వివరాలు అడుగుతున్నారు. కాగితం మీద రోజు, టైమ్, రూమ్ నంబరు, తెచ్చుకోవాల్సిన వస్తువు అని నాలుగు ఖాళీలు. అవతలావిడ "ట్యూస్‌డే" అంది. పిల్ల పెన్సిల్ సగం పదం దాకా వెళ్లింది. ఇంతలో అదే గొంతు "ఓ, సారీ, అది ఫుల్ అయిపోయింది, థర్స్‌డే అయితే ఉంది" అంది. పెన్సిల్ ఆగింది. రబ్బరు తీసుకుని చెరిపింది. థర్స్‌డే మొదలెట్టి, యు తర్వాత ఆర్ వస్తుందా రాదా అని ఒక్క క్షణం కళ్లు పైకెత్తింది. ఆ ఒక్క క్షణంలో టైమ్ వెళ్లిపోయింది. తలదించి ఏ ఖాళీ దగ్గరున్నానా అని వెతుక్కునేలోపు రూమ్ నంబరూ పోయింది. మొహం పాలిపోయింది. ఇక తర్వాత వచ్చింది చెవిన పడుతోందే తప్ప చేతికి రావడం లేదు.

ఆడియో ఆపేసి, "కాగితం పక్కన పెట్టు. ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలుగులో చెప్పు" అన్నాను. మంగళవారం నిండిపోయింది, గురువారం రమ్మంది, సాయంత్రం ఆరున్నరకి, ఒక టవల్ తెచ్చుకోమంది అని గడగడా చెప్పేసింది. రూమ్ నంబరు ఒక్కటే గుర్తు రాలేదు. కాగితం మీద చూస్తే ఒక్క జవాబే ఉంది. నాలుగింటిలో మూడు అర్థమైన పిల్లకి ఒకే ఒక్క మార్కు. ఇప్పుడు చెప్పండి, ఇది వినడాన్ని కొలిచినట్టా?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, అరగంట ఆడియో. ప్రతిదీ ఒక్కసారే వినిపిస్తారు. ప్రశ్నలు ఆడియో నడిచే వరుసలోనే ఉంటాయి కాబట్టి ఒక్కచోట జారితే పక్కవాటిని కూడా లాక్కుపోతుంది. పరీక్ష పెట్టేవాళ్లు ప్రకటించిన లెక్క ప్రకారం 40కి సుమారు 23 వస్తే 6, సుమారు 30 వస్తే 7. మధ్యలో ఉన్నది ఏడే ప్రశ్నలు. ఆ స్కోరునే బ్యాండు అంటారు, అంటే అర బ్యాండు తేడా మూడో నాలుగో ప్రశ్నలే. రబ్బరుతో చెరిపిన ఆ ఐదారు సెకన్లు ఒక అడ్మిషన్‌ని మింగేయగలవన్నమాట.

బయట లెక్చర్ మళ్లీ చెప్పరు కదా, అందుకే ఒక్కసారి అంటారు కొందరు. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను, పిల్లలకి అదే చెప్పాను కూడా. ఇప్పుడు నమ్మడం లేదు. బయట ఎవరైనా ఫోన్లో తడబడి రోజు మార్చి చెప్తే మనమేం చేస్తాం? "ఏమండీ, మళ్లీ ఓసారి చెప్పండి" అంటాం. పక్కవాడి నోట్స్ చూస్తాం. క్లాసయ్యాక మాస్టారి దగ్గరికెళ్లి అడుగుతాం. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూస్తాం, చేతులు చూస్తాం. పరీక్ష ఇవన్నీ తీసేసి, మొహం లేని గొంతునొక దాన్ని చెవిలో పెట్టి, అడిగే హక్కు కూడా లాగేసుకుని, దీన్నే వినడం అంటోంది. వినడంలో సగం అడగడమే కదండీ.

పైగా ఇదేమీ మార్చలేని శాసనం కాదు. కేంబ్రిడ్జి వాళ్ల సీ1 అడ్వాన్స్‌డ్ అనే ఇంగ్లీషు పరీక్షని కూడా యూనివర్సిటీలు తీసుకుంటాయి. అందులో ప్రతి రికార్డింగూ రెండుసార్లు వినిపిస్తారు. జపాన్‌లో యూనివర్సిటీ ప్రవేశానికి 2021లో మొదలైన కామన్ టెస్టులో ఇంగ్లీషు లిజనింగ్‌కి, రీడింగ్‌కి చెరో 100 మార్కులు. లిజనింగ్‌లో మొదటి భాగాలు రెండుసార్లు, తర్వాతవి ఒక్కసారి వినిపిస్తారు. దక్షిణ కొరియా యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు ప్రశ్నలు 45, అందులో 17 వినేవి. ఆ కాసేపూ పిల్లలకి చప్పుడు అడ్డు రాకూడదని దేశమంతటా విమానాలు పైకి లేవడం, కిందికి దిగడం ఆపేస్తారు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. పిల్లల చెవికి అంత విలువ ఇచ్చారు చూడండి. ఐఈఎల్‌టీఎస్ లాంటిదే ఇంకో పరీక్ష టోఫెల్, 1964 నుంచీ ఉంది. 2005లో ఇంటర్నెట్ టోఫెల్ వచ్చాకే అందులో వింటూ నోట్స్ రాసుకోనిచ్చారు, అంతకుముందు రాసుకోకూడదు. అప్పుడు అదే న్యాయం అనుకున్నారు, తర్వాత మార్చుకున్నారు. ఆకాశమేమీ విరిగి పడలేదే.

హెడ్‌ఫోన్స్ గొడవ ఇంకొకటి. నేను పరీక్ష రాసిన చోట ఎడమ చెవిలో బరబరమని ఒకటే మోత. చెయ్యెత్తాను. వచ్చినాయన ఎంతో మర్యాదగా వంగి, "అయ్యాక చెప్పండి మేడమ్" అన్నారు. ఆడియో మాత్రం ఆగలేదు. ఆయన వంగి మాట్లాడిన సేపట్లో పోయిన ప్రశ్న పోయినట్టే. ఆయన్నేమీ అననులెండి. రెండోసారి వినిపించే పద్ధతే ఉంటే అక్కడ ఆయనకీ నాకూ ఇబ్బందే ఉండేది కాదు.

ఇక స్పెల్లింగ్. దీని గురించి ఎంత రాసినా నా కడుపుమంట చల్లారదు. లిజనింగ్‌లో జవాబు సరిగ్గా విన్నా, స్పెల్లింగ్ తప్పితే సున్నా. అకామడేషన్ అనే మాట నా క్లాసులో ఎంతమందిని ముంచిందో లెక్కలేదు. రెండు సీలు, రెండు ఎమ్‌లు. ఒక్క ఎమ్ రాసిన పిల్లవాడికి ఆ మాట వినపడలేదనా మీరు తేల్చేది? మనం పలికినట్టు రాసే లిపిలో పెరిగినవాళ్లం. చెవి విన్నదాన్ని చెయ్యి రాసేస్తుందన్నది మనకి చిన్నప్పటినుంచీ ఉన్న నమ్మకం. ఇంగ్లీషులో ఆ రెండింటికీ పొత్తు లేదు. సరే, రాయడంలో తప్పులకి రైటింగ్ అని వేరే సెక్షన్ పెట్టారుగా, అక్కడ తగ్గించుకోండి. వినడంలో ఎందుకు కోయాలి?

మాట చివర ఎస్ వదిలేయడం వేరే సంగతి. అది నిజంగా వినడానికి సంబంధించిందే, దాన్ని నేను వెనకేసుకు రాను. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. అందుకే చివర తేలిపోయే ఎస్, టి, డి లాంటి హల్లుల మీద మన చెవి ఆగదు. "బుక్" అన్నారా "బుక్స్" అన్నారా అంటే వెనక్కి తిరిగి చూసుకుంటాం. థర్టీన్, థర్టీ తేడా కూడా అంతే. ఎక్కడ ఒత్తి పలికారో పట్టుకోవాలి, మనం అక్షరాలు లెక్కపెడతాం. వీటికి సాధన కావాలి. రోజూ ఓ పది నిమిషాల ఆడియో తీసుకుని, ఒక్కో వాక్యం దగ్గర ఆపి, విన్నది విన్నట్టు పైకి అనమంటాను. ఓ నెలకి చెవి తెరుచుకుంటుంది. మోడల్ టెస్టులు వంద రాసినా రాని మార్పు దీంతో వస్తుంది, నా కళ్లారా చూశాను.

రీడింగ్ సంగతికొస్తే నా బాధ వేరు. ఐఈఎల్‌టీఎస్‌లో యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు రాసే అకడమిక్ రీడింగ్‌లో మూడు వ్యాసాలు, మొత్తం 2,150 నుంచి 2,750 పదాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. జవాబులు దిద్దుకోవడం, ఎక్కించుకోవడం అన్నీ ఆ గంటలోనే. దాంతో కోచింగుల్లో మొదటిరోజే నూరిపోసేది ఏంటో తెలుసా? "వ్యాసం చదవకండి. ప్రశ్న చూడండి, కీవర్డ్ పట్టుకోండి, అది ఎక్కడుందో వెతకండి, పక్క వాక్యంలో జవాబుంటుంది." చదవడానికి పెట్టిన పరీక్షకి చదవొద్దని శిక్షణ! తప్పు కోచింగులది అని తేలిగ్గా అనేయొచ్చు. కానీ ఆ చిట్కాతో మార్కులు వస్తున్నాయి, వస్తున్నంతకాలం అదే చెప్తారు. మేమూ చెప్పాం, దాచుకోను. అలా తయారైన పిల్ల వెళ్లి మొదటి వారంలో ముప్ఫై పేజీల పరిశోధనా వ్యాసం ముందు కూర్చుంటుంది. అక్కడ కీవర్డ్ ఉండదు, ప్రశ్నే ఉండదు. ప్రశ్న తనే వేసుకోవాలి.

అందరూ తిట్టుకునే ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ (ఇచ్చిన మాట వ్యాసం ప్రకారం నిజమా, తప్పా, అసలు అందులో చెప్పనే లేదా తేల్చడం) మాత్రం నాకు చాలా ఇష్టం. ఆ పరీక్షలో అన్నిటికన్నా నిజాయితీ గల ప్రశ్న అదేనంటాను. వ్యాసంలో "ఆ దీవిలో పక్షులు తగ్గాయి, అదే కాలంలో పడవల రాకపోకలు పెరిగాయి" అని ఉందనుకోండి. ప్రశ్నలో "పడవల వల్ల పక్షులు తగ్గాయి" అంటారు. పిల్లలు నూటికి తొంభై మంది ట్రూ పెట్టేస్తారు. అలాగని ఎవరు చెప్పారురా, చూపించు అంటాను. వేలు పెట్టి చూపించబోయి ఆగిపోతారు. రాసింది వేరు, మనం అనుకున్నది వేరు అని తెలిసే ఆ క్షణం ఉంది చూశారూ, దానికోసం ఎన్ని క్లాసులైనా చెప్పబుద్ధేస్తుంది. అసలు చదువంటే అదే. దానికి ఒక్కో ప్రశ్నకి నిమిషంన్నర ఇచ్చి పరిగెత్తమంటారు, అదే నా గొడవ.

యూనివర్సిటీల వాళ్లకి ఒక మాట. ఏ స్కోరుకైనా కొంత అటూ ఇటూ తేడా ఉంటుందని పరీక్ష పెట్టేవాళ్లే ఒప్పుకుంటారు. స్కోరు ఒక్కటే చూసి నిర్ణయించొద్దని టోఫెల్ నడిపే ఈటీఎస్ కూడా చెప్తుంది. మీ వెబ్‌సైటు మాత్రం 6.5 అని గీత గీసి, 6 వచ్చిన అప్లికేషన్‌ని మనిషి కన్ను పడకుండానే పక్కన పడేస్తుంది. గీతకి అర బ్యాండు కింద ఉన్నవాళ్లతో పది నిమిషాలు వీడియోలో మాట్లాడండి. మీ సబ్జెక్టు మీద ఓ చిన్న లెక్చర్ ముక్క వినిపించి, ఏం అర్థమైందో చెప్పమనండి, ప్రశ్నలు అడగనివ్వండి. ఏం అడుగుతున్నారో వింటే చాలు, ఎంత విన్నారో తెలిసిపోతుంది. మనుషులు సరిపోరంటారా? అన్ని వేల అప్లికేషన్లకీ చేయమనడం లేదు, గీత దగ్గర నిలబడ్డవాళ్లకి మాత్రమే అంటున్నా.

పరీక్ష తయారుచేసేవాళ్లని అడిగేది ఇంకా చిన్నది. నాలుగు భాగాల్లో కనీసం రెండు భాగాలు రెండుసార్లు వినిపించండి. ఏ మాటో గుర్తుపట్టగలిగేలా రాస్తే మార్కు ఇవ్వండి. రీడింగ్‌లో మూడు వ్యాసాల బదులు రెండే పెట్టి, అదే గంట ఉంచండి.

ఆ అమ్మాయి మళ్లీ రాసింది. ఐఈఎల్‌టీఎస్‌లో ఇప్పుడు ఒక్క సెక్షనే మళ్లీ రాసుకునే వీలుంది. అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు, అదృష్టం కొద్దీ తన యూనివర్సిటీ ఒప్పుకుంది. రెండు నెలలు తిరక్కుండానే 6 కాస్తా 7 అయింది. మధ్యలో తనకేమీ కొత్తగా ఇంగ్లీషు వచ్చేయలేదు. నేను నేర్పింది ఒక్కటే: చెరపకు, తప్పైతే పక్కన గీతపెట్టి వదిలేసి ముందుకెళ్లిపో. ఫీజు మళ్లీ కట్టింది, అన్ని రాత్రులు నిద్రమానుకుంది, ఇంత చేసి నేర్చుకున్నది రబ్బరు ముట్టుకోకుండా ఉండటం.

ఇప్పుడు మొదటి సెమిస్టర్‌లో ఉంది. మొన్న మెసేజ్ పెట్టింది. "అక్కా, ఇక్కడ ప్రతి లెక్చరూ రికార్డ్ చేసి సాయంత్రానికి పెట్టేస్తారు. కింద అక్షరాలు కూడా వస్తాయి. అర్థంకాకపోతే మళ్లీ వినండి అని ప్రొఫెసరే చెప్పారు. ఇవాళ్టిది మూడుసార్లు విన్నా."