చామనఛాయ మీద వ్యాపారం

నెల్లూరు ట్రంకురోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో తలెత్తి చూస్తే పట్టుచీర, వడ్డాణంతో ఓ పెళ్లికూతురు బొమ్మ కనిపిస్తుంది. ఆ ముఖాన మచ్చ ఉండదు, ముడత ఉండదు, బుగ్గ మీద నూగు కూడా ఉండదు. కంప్యూటర్‌లో నున్నగా చెక్కిన ముఖం అది. ఆ షాపులో చీరలు మడతపెట్టే అమ్మాయిలు, కొనడానికొచ్చే తల్లీకూతుళ్లు చాలామంది చామనఛాయవాళ్లే. పెన్నా ఆయకట్టులో నాట్లు వేసే ఆడవాళ్లది, టంగుటూరు, కొండపి వైపు పొగాకు పనులకు వెళ్లేవాళ్లది ఎండకు కాగిన రంగు. వీధిలో ఎటు చూసినా ఉండే ఆ రంగు హోర్డింగు మీద మాత్రం దాదాపు కనిపించదు.

ప్రకటనల్లో స్త్రీ దేహం అనగానే మన చర్చంతా బట్టల దగ్గరే ఆగిపోతోంది. 1986 నాటి చట్టం కూడా అసభ్య చిత్రణనే నిషేధించింది. తొలిసారి తప్పు చేస్తే రెండేళ్ల దాకా జైలు. ఆ చట్టం ఉండాల్సిందే. కానీ నిండుగా చీర కట్టిన బొమ్మ కూడా ఎనిమిదో తరగతి పిల్లను అద్దం ముందు ఏడిపించగలదు. ఆ బాధకు అందులో సెక్షన్ లేదు.

1975లో మార్కెట్‌లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' పోవడానికి 2020 దాకా పట్టింది. రంగును బట్టి మనిషిని తక్కువ చేసి చూపొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే చెప్పింది. అయినా 'తెల్లని, సన్నని వధువు కావలెను' అన్న మాట ఇంకా అచ్చవుతూనే ఉంది. దాన్ని వేయబోమని చెప్పే హక్కు పత్రికలకు ఉంది. వాడుకోవాలి.

మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతున్నది మెడికల్ షాపు కౌంటర్. పెళ్లి కుదిరింది, నెలలో ముఖం తేటబడాలి అంటే చాలు, డాక్టర్ చీటీ లేకుండానే ట్యూబు చేతికొస్తోంది. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్... ఇవన్నీ స్టీరాయిడ్లు. ముందు ముఖం నిగనిగలాడుతుంది. వాడుతూ పోతే చర్మం పలచబడి ఎర్రబారుతుంది, ఎండలోకి వెళితే మంట, మొటిమలు, అవాంఛిత రోమాలు. ఆపితే ఇంకా ఎక్కువవుతుంది కాబట్టి భయపడి మళ్లీ అదే రాస్తారు. చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఔషధ తనిఖీ అధికారులు ఈ ట్యూబుల అమ్మకాల బిల్లులు అడిగి చూడాలి.

తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసి ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. ప్రకటన ఫొటోలో దేహాన్ని మార్చితే ఆ సంగతి బొమ్మ మీదే రాయాలని నార్వే 2021లో చట్టం చేసింది. మన దగ్గరా అలాంటిది రావాలి.

అందాకా మన వ్యాపారులు ఆగనక్కర్లేదు. వచ్చే పెళ్లిళ్ల సీజన్ హోర్డింగు మీద మన ఊరి అమ్మాయినే నిలబెట్టండి, ఆమె రంగును కంప్యూటర్‌లో మార్చకండి. బొంబాయి మోడల్‌ను రప్పించే ఖర్చూ తప్పుతుంది.