'కరపత్రానికి చట్టం లేదు' అన్న ప్రచారానికి ఖండన

ఎన్నికల ప్రకటన వెలువడగానే ఫోన్లలో కొన్ని పాత మాటలు కొత్తగా తిరగడం మొదలవుతుంది. వాటిలో ఒకటి ఇంటింటికీ పంచే కరపత్రాల గురించినది. దాని సారాంశం ఇది: "ఎన్నికల కరపత్రం చట్టం లెక్కలో లేని చిత్తుకాగితం. దాని మీద ఎవరి పేరూ ఉండనక్కరలేదు. జిరాక్స్ తీసి పంచితే అసలు ఏ నిబంధనా వర్తించదు. దాని ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. అందులో ఏం రాసినా అడిగే నాథుడు లేడు. ప్రచారం ముగిశాక ఆఖరి రెండు రోజుల్లో కరపత్రంతో గడప తొక్కినవాణ్ని మాత్రం పోలీసులకు పట్టించవచ్చు. కరపత్రంతో పాటు పార్టీవారు ఇచ్చిన చీటీ చూపితే ఓటు వేయనిస్తారు." చట్టం ఉన్నచోట లేదనీ, లేనిచోట ఉందనీ చెప్పడం ఈ సందేశం ప్రత్యేకత. ఒక్కొక్క మాటనే తీసుకుని చూద్దాం.

ఎవరి పేరూ ఉండనక్కరలేదన్నది మొదటి మాట. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1961లో చేర్చిన 127ఎ సెక్షను దీనికి నేరుగా సమాధానం చెబుతుంది. ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా కాగితం మీద కనిపించేలా లేకుండా ఎన్నికల కరపత్రాన్ని గానీ పోస్టరును గానీ ఎవరూ అచ్చు వేయకూడదు, వేయించకూడదు. కరపత్రం అడుగున, చూపు ఆనీ ఆనని సన్నటి అక్షరాల్లో ఒక వరుస ఉంటుందే, అది ప్రెస్సువాడు తన వ్యాపారం కోసం వేసుకున్న ప్రకటన కాదు. చట్టం కోరినందువల్ల అక్కడ ఉన్నది. నేనైతే ఇంటికి వచ్చిన ప్రతి కరపత్రాన్నీ ముందు అక్కడి నుంచే చదువుతాను. పైన ఉన్న ఫొటోలు, దండాలు పెట్టే చేతులు అన్ని కరపత్రాల్లోనూ ఒకేలా ఉంటాయి గానీ, బాధ్యత ఎవరిదో చెప్పేది ఆ వరుస ఒక్కటే.

పేరు వేస్తే సరిపోదు కూడా. ప్రచురించేవారు తామెవరో తెలుపుతూ సంతకం చేసిన డిక్లరేషన్‌ను, తమను స్వయంగా ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరింపజేసి, రెండు ప్రతులు ప్రెస్సువారికి ఇవ్వాలి. ముద్రించిన తర్వాత ప్రెస్సువారు అందులో ఒక ప్రతిని, కరపత్రంతో పాటు, అధికారులకు పంపాలి: రాష్ట్ర రాజధానిలో అచ్చయితే ఆ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి, మరెక్కడైనా అచ్చయితే ఆ జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే మన వాడుకలో కలెక్టరుకు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పంచిన ఊరు కాదు, ముద్రించిన ఊరు. ఆంధ్రప్రదేశ్‌లో పోటీ చేస్తున్న అభ్యర్థి తన కరపత్రాలను హైదరాబాదులో వేయించుకుంటే, ఈ సెక్షను ప్రకారం ఆ ప్రతి వెళ్లవలసింది తెలంగాణ ప్రధాన ఎన్నికల అధికారి వద్దకు. చట్టం 'సమంజసమైన వ్యవధి' అని వదిలేసిన గడువును ఎన్నికల సంఘం తన ఉత్తర్వుల ద్వారా మూడు రోజులుగా ఖరారు చేసింది. ఎన్ని ప్రతులు వేశారో, ఎంత సొమ్ము తీసుకున్నారో కూడా ప్రెస్సువారు రాసి ఇవ్వాలని చెప్పింది. ఇంత తతంగం ఉన్న కాగితాన్ని చిత్తుకాగితం అనడం ఎలా కుదురుతుంది?

జిరాక్స్ మాట ఈ సందేశంలోని తెలివైన భాగం, పూర్తిగా తప్పయిన భాగం కూడా. చేత్తో రాసి నకలు తీయడం తప్ప, ప్రతులను పెంచే ప్రతి పద్ధతీ ముద్రణ కిందికే వస్తుందని అదే సెక్షనులో స్పష్టంగా ఉంది. కాబట్టి వీధి చివర జిరాక్స్ యంత్రం మీద రెండు వందల కాగితాలు తీసిన దుకాణదారు కూడా చట్టం దృష్టిలో ముద్రాపకుడే. నిజంగా మినహాయింపు పొందినవి వేరే ఉన్నాయి: ఎన్నికల సభ ఏ తేదీన, ఏ వేళకు, ఎక్కడ జరుగుతుందో మాత్రమే చెప్పే చేతికాగితాలు, ఏజెంట్లకూ కార్యకర్తలకూ ఇచ్చే మామూలు సూచనలు. సభ వివరాల కింద 'మన అభ్యర్థినే గెలిపించండి' అని ఒక్క మాట చేర్చినా అది సభా వివరాలు 'మాత్రమే' చెప్పే కాగితం కాకుండా పోతుంది.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ నిబంధనను ఉల్లంఘిస్తే పడే శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కోట్లు పారే ఎన్నికల్లో రెండు వేల రూపాయలు ఎవరినీ భయపెట్టవు. పైగా ఇది పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టగల తరహా నేరం కాదు. ఆ సందేశం రాసిన వారికి కలిగిన నిస్పృహ ఇక్కడి నుంచే పుట్టి ఉంటే నేను అర్థం చేసుకోగలను. కానీ శిక్ష పలుచగా ఉండటం వేరు, చట్టమే లేకపోవడం వేరు.

ఖర్చు సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2022 జనవరిలో సవరించిన పరిమితుల ప్రకారం అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల రూపాయలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలు మించి ఖర్చు చేయకూడదు. అభ్యర్థి పేరుతోనో ఫొటోతోనో, అతని తరఫున వేయించిన కరపత్రం ఖర్చు ఆ లెక్కలో చూపవలసిందే. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు ఆ లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. ప్రెస్సువారు రాసి ఇచ్చే ప్రతుల సంఖ్య, ధర ఇక్కడే పనికొస్తాయి: అభ్యర్థి ఐదు వేల ప్రతులని రాసి, ప్రెస్సు యాభై వేలని రాసి ఉంటే తేడా బయటపడుతుంది. సందేశంలో ఆవగింజంత నిజం లేకపోలేదు. ఏ అభ్యర్థినీ ప్రస్తావించకుండా పార్టీ విధానాలను మాత్రమే చెప్పే కరపత్రం ఖర్చు పార్టీ ఖాతాలోకి పోతుంది. దాన్ని పార్టీ అసెంబ్లీ ఎన్నికల తర్వాత 75 రోజుల్లో, లోక్‌సభ ఎన్నికల తర్వాత 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి సమర్పించాలి. ఇక అభ్యర్థి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఒక అభిమాని సొంత డబ్బుతో అతని గెలుపు కోసం కరపత్రాలు వేయిస్తే, అది అతని ఔదార్యం కింద కొట్టుకుపోదు. భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షను అటువంటి ఖర్చును నేరంగా పరిగణిస్తుంది.

"ఏం రాసినా అడిగే నాథుడు లేడు" అన్నది కొంచెం నిలబడి చూడవలసిన మాట. ప్రత్యర్థి పాలనను, పార్టీని, ఇచ్చిన హామీలను ఎంత ఘాటుగా విమర్శించినా చట్టం అడ్డుపడదు, పడకూడదు కూడా. గీత ఉన్నది వ్యక్తిగత శీలం, నడవడి దగ్గర. ఒక అభ్యర్థి శీలం గురించి అబద్ధమని తెలిసి గానీ, నిజమని నమ్మకుండా గానీ, అతని గెలుపు అవకాశాలను దెబ్బతీసేలా ఒక విషయాన్ని వాస్తవంగా ప్రచురిస్తే, ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) ప్రకారం అది అవినీతికరమైన ఎన్నికల చర్య. మతం, కులం, భాష పేరు చెప్పి ఓటు అడగడం 123(3) కిందికి వస్తుంది. ఆ మతం అభ్యర్థిదే కానక్కరలేదని, ఓటరు మతం పేరున అడిగినా తప్పేనని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 జనవరి 2న 4-3 తేడాతో తీర్పు చెప్పింది. ఇలాంటి చర్య గెలిచిన అభ్యర్థి గానీ, అతని ఎన్నికల ఏజెంటు గానీ చేసినట్టు, లేదా వారిలో ఒకరి సమ్మతితో వేరెవరైనా చేసినట్టు రుజువైతే ఎన్నికే రద్దవుతుంది. పిటిషను వేయడానికి ఓడిన అభ్యర్థే అక్కరలేదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా 45 రోజుల్లోపు హైకోర్టుకు వెళ్లవచ్చు.

అయితే కరపత్రంలోని ఏదో ఒక పదాన్ని పట్టుకుని ఎన్నికను రద్దు చేయించడం అంత తేలిక కాదు. పంజాబుకు చెందిన ఒక కేసులో, పోస్టరులోని 'పంథ్' అన్న మాట సిక్కు మతం పేరున ఓటు అడగడమేనన్న వాదనను సుప్రీంకోర్టు 1964లో తోసిపుచ్చింది. కాగితాన్ని మొత్తంగా, అది వెలువడిన సందర్భంలో పెట్టి, నిష్పాక్షికంగా చదవాలన్నది అక్కడ నిలిచిన సూత్రం. సమ్మతిని రుజువు చేయడం ఇంకా కష్టం. పేరులేని కరపత్రం అర్ధరాత్రి గుమ్మాల్లో పడితే, దాని వెనుక అభ్యర్థి ఉన్నాడని కోర్టులో చూపేదెలా? అందుకే అడుగున ఉండే ఆ సన్నటి వరుసను చిన్నచూపు చూడలేం. ప్రచురించినవారెవరో తేలితేనే సమ్మతి, ఖర్చు, అబద్ధం అన్న మూడు ప్రశ్నలకూ కొస దొరుకుతుంది.

ఇదే వరుసలో ఒక కొత్త తరహా కరపత్రాన్ని చెప్పుకోవాలి: గెలిస్తే ఇంటికి ఇంత ఇస్తామని రాసి, కింద ఓటరు పేరు, వయసు, ఫోను నంబరు, బూత్ నంబరు నింపే ఫారం జతచేసే హామీ కార్డు. తెలుగు రాష్ట్రాల పోలింగుకు పదకొండు రోజుల ముందు, 2024 మే 2న, ఎన్నికల సంఘం ఇలాంటి ఓటరు నమోదులను వెంటనే ఆపాలని పార్టీలకు సూచించింది. హామీ ఇవ్వడం తప్పు కాదు. వివరాలు రాయించుకుని ఓటుకూ లబ్ధికీ లంకె పెట్టడం లంచం కిందికి వచ్చే అవకాశం ఉందన్నది దాని భావం.

ఇక ఆఖరి 48 గంటలు. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షను ఆ వేళలో నిషేధించేది సభలు, ఊరేగింపులు, సినిమా, టీవీ వంటి సాధనాల ద్వారా ప్రచారం, ఆటపాటలతో జనాన్ని ఆకర్షించడం. అందులో కరపత్రం మాట లేదు. నలుగురైదుగురు నిశ్శబ్దంగా ఇంటింటికీ వెళ్లి ఓటు అడగడం ఆ సెక్షను కింద నేరం కాదు. తలుపు తట్టిన కార్యకర్తను పట్టుకుని పోలీసుస్టేషనుకు లాక్కెళ్లేవారే చిక్కుల్లో పడతారు. పోలింగు రోజు లెక్క వేరు. కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓటు అడగడం నేరం, దానికి 250 రూపాయల వరకు జరిమానా ఉంది. మితిమీరింది ఏదైనా కంటపడితే ఫొటో తీసి పంపడానికి 2018 నుంచి సీ-విజిల్ యాప్ ఉంది. కరపత్రం విషయంలో రెండు పుటలతో పాటు అడుగున ఉన్న వరుస, లేదా అది ఉండవలసిన ఖాళీ చోటు, ఫొటోలో పడేలా చూసుకోవాలి.

చివరిది చీటీ. పార్టీలు ఇచ్చే ఓటరు చీటీ తెల్ల కాగితం మీద ఉండాలని, దానిపై గుర్తు గానీ, అభ్యర్థి పేరు గానీ, పార్టీ పేరు గానీ ఉండరాదని ప్రవర్తనా నియమావళిలో ఉంది. అది జాబితాలో మన వరుస సంఖ్య వెతుక్కోవడానికి పనికివస్తుంది, అంతకు మించి పనికిరాదు. బూత్ స్థాయి అధికారి ఇంటికి తెచ్చి ఇచ్చే అధికారిక చీటీని కూడా, అది ఒక్కటే చూపితే, గుర్తింపు పత్రంగా అంగీకరించడం 2019లోనే ఆగిపోయింది. ఓటరు గుర్తింపు కార్డు, లేదా ఎన్నికల సంఘం అనుమతించిన ఆధార్, పాస్‌పోర్టు వంటి పత్రం ఏదో ఒకటి చేతిలో ఉండాలి.