ఫైలు వాళ్లది, సంతకం మనది

అమీర్‌పేట మెట్రో దిగి ఏ వైపు నడిచినా ఆస్ట్రేలియా కనిపిస్తుంది. ఫ్లెక్సీ మీద సిడ్నీ ఒపేరా హౌస్, దాని కింద ‘పీఆర్ గ్యారంటీ’ (పీఆర్ అంటే అక్కడ శాశ్వతంగా ఉండే వీసా) అన్న అక్షరాలు, పక్కనే వాట్సాప్ నంబరు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరా, విశాఖ ద్వారకానగర్‌లోనూ ఇవే బోర్డులు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నవాళ్లే ఆ తర్వాత ఈ ఆఫీసుల మెట్లెక్కుతున్నారు. కోరిక తీరాకే నూటెనిమిది చేయించుకునే ఆ స్వామి పద్ధతి వీళ్లకు నచ్చినట్టు లేదు. ఇక్కడ మొక్కు ముందే చెల్లించాలి, లక్షల్లో.

ఏజెంటును పెట్టుకోవాలా, సొంతంగా అప్లై చేసుకోవాలా అన్న ప్రశ్నకు ఇళ్లలో దొరికే సమాధానం సాధారణంగా ఒకటే: ‘మనకెందుకొచ్చిన రిస్కు, డబ్బు పోతే పోయింది, వాళ్లయితే చూసుకుంటారు’. ఈ ‘చూసుకుంటారు’ దగ్గరే మాకు అభ్యంతరం. ఆస్ట్రేలియా వీసా చట్టంలో అలా చూసుకునేవాడు ఎవడూ లేడు. ఫారం ఎవరు నింపినా అందులోని ప్రతి మాటకూ దరఖాస్తుదారే జవాబుదారు.

మొదట అసలు పని ఎంతో చూద్దాం. ఏజెంటు ఉండి తీరాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు. ముందు ఐఈఎల్‌టీఎస్, పీటీఈ లాంటి ఇంగ్లిష్ పరీక్ష ఒకటి రాయాలి. వృత్తికి తగిన సంస్థతో స్కిల్ అసెస్‌మెంట్, అంటే చదువు, అనుభవం ఆ వృత్తికి సరిపోతాయో లేదో చూసే మదింపు చేయించుకోవాలి. ఐటీ వాళ్లకు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా ఉన్నాయి. ఆ ఫలితంతో స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఈఓఐ, అంటే ఆసక్తి తెలిపే పత్రం వేయాలి. ఆహ్వానం వస్తే 60 రోజుల్లోగా అసలు వీసాకు దరఖాస్తు చేయాలి. అంతా ఆన్‌లైనే. బ్యాంకు లోను ఫారం, ఐటీ రిటర్ను సొంతంగా నింపుకోగలిగినవాళ్లకు ఇందులో అర్థం కానిది పెద్దగా లేదు.

ఈఓఐ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దానికి ప్రభుత్వం పైసా తీసుకోదు. కాగితాలు దగ్గరుంటే ఓ సాయంత్రం కూర్చుని వేసేయవచ్చు. రెండేళ్లు చెల్లుతుంది, ఆలోగా ఆహ్వానం రాకపోతే మురిగిపోతుంది. మన కన్సల్టెన్సీల అగ్రిమెంట్లు చాలావరకు ఈ ఉచిత పత్రం చుట్టూనే అల్లి ఉంటాయి. సంతకం రోజు ఒక వాయిదా, అసెస్‌మెంటుకు పంపిన రోజు ఒక వాయిదా, ఈఓఐ వేసిన రోజు మిగతాది. ఆహ్వానం వస్తుందో రాదో తేలే రోజుకు వాళ్లకు రావాల్సింది మొత్తం వచ్చేసి ఉంటుంది. ‘మనీ బ్యాక్’ షరతు చదివితే ఈఓఐ దాఖలు చేయడంతోనే ‘సేవ పూర్తయినట్టు’ అని కనిపిస్తుంది. స్టూడెంట్ వీసాల్లోనైతే యూనివర్సిటీలు కమీషన్ ఇస్తాయి. పీఆర్‌లో అలా ఇచ్చేవాడు లేడు కాబట్టి ఆఫీసు అద్దె నుంచి ఫ్లెక్సీ ఖర్చు దాకా దరఖాస్తుదారు జేబులోంచే రావాలి. సేల్స్ టార్గెట్లు పెట్టుకున్న కౌన్సిలరు ‘మీ ప్రొఫైలుకు ఇప్పట్లో అవకాశం లేదండీ’ అని నిజం చెబుతాడని ఆశించడం మన అమాయకత్వం.

ఆ నిజం చాలామందికి చేదుగానే ఉంది. వయసు, ఇంగ్లిష్, అనుభవం లాంటివాటికి పాయింట్లు వేసే లెక్కలో 65 వస్తే అర్హత వచ్చినట్టే. కానీ ఆహ్వానాలు పై నుంచి కిందికి వస్తాయి, అదీ వృత్తుల వారీగా. ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేని 189 సబ్‌క్లాసు వీసాకు 2023-24లో 30,375 స్థానాలుంటే 2024-25లో వాటిని 16,900కు కోసేశారు. ఇటీవలి రౌండ్లలో నర్సులు, టీచర్లు, నిర్మాణ రంగం వాళ్ల వైపు మొగ్గు స్పష్టంగా కనిపిస్తోంది. 65 పాయింట్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరును ‘మీరు ఎలిజిబుల్’ అని అభినందించి చెక్కు రాయించుకోవడం అబద్ధం కాకపోవచ్చు, మోసం మాత్రం అవుతుంది.

అసలు ప్రమాదం పాయింట్లు చాలనప్పుడు మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న ఒకరి ఫైలునే ఊహించండి. ఆస్ట్రేలియా ఒక్కో వృత్తికి ఒక్కో కోడ్ ఇస్తుంది; ఆయన పనికి సరిపడేది 261314, సాఫ్ట్‌వేర్ టెస్టర్. 189కి పనికొచ్చే జాబితాలో అది లేదు. రాష్ట్రాల నామినేషన్‌తో వచ్చే 190కో, ప్రాంతీయ వీసా 491కో వెళ్లాలి. అప్పుడు కౌన్సిలరు గొంతు తగ్గించి ఒక ఉపాయం చెబుతాడు: ‘261313లో వేద్దాం సార్, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్ మేం రాసిస్తాం, మీ టీమ్ లీడ్‌తో అఫిడవిట్ మీద సంతకం పెట్టించండి.’ వంద రూపాయల స్టాంపు పేపరు, ఒక నోటరీ, పని అయిపోయింది. చేసిన పని ఒకటి, కాగితం మీద ఉన్న పని ఇంకొకటి.

తర్వాత లెక్క వస్తుంది. అసెస్‌మెంటు లేఖలో కంప్యూటర్ సొసైటీ ఒక తేదీ ఇస్తుంది. ఆ తేదీ తర్వాతి ఉద్యోగానుభవమే నైపుణ్య స్థాయికి చెందినదని దాని అర్థం. డిగ్రీ దగ్గరి సబ్జెక్టే అయినా మొదటి రెండేళ్లు అలా పోవచ్చు, కాకపోతే నాలుగేళ్లు కూడా. మన టెస్టరు ఎనిమిదేళ్లు ఆరేళ్లవుతాయి. విదేశీ అనుభవానికి ఎనిమిదేళ్లకు 15 పాయింట్లు, ఐదు నుంచి ఎనిమిదేళ్ల లోపు అయితే 10. ఆఫీసులో ఈఓఐ నింపిన కుర్రవాడు ఎనిమిదని కొట్టేస్తే ఆ క్షణంలో స్కిల్‌సెలెక్ట్ ఏమీ అనదు. లెక్కలో ఆ ఐదు పాయింట్లు కలిసిపోతాయి, ఆహ్వానం కూడా రావచ్చు, ఇంట్లో స్వీట్లు పంచుతారు. వీసా రుసుము ప్రధాన దరఖాస్తుదారుకే దాదాపు 5 వేల ఆస్ట్రేలియా డాలర్లు, అంటే రెండున్నర లక్షల పైమాటే. భార్యకో భర్తకో అందులో సగం, పిల్లలకు పావు వంతు. ఆ తర్వాత ఎప్పుడో కేస్ ఆఫీసర్ లేఖ పక్కన పెట్టుకుని లెక్క తిరిగి వేస్తాడు. ఆహ్వానం ఏ పాయింట్ల మీద వచ్చిందో అవి లేవని తేలితే దరఖాస్తు తిరస్కరణే. రుసుము మామూలుగా వెనక్కి రాదు.

అది పొరపాటు లెక్క కింద పోతే ఇంకా నయం. తప్పుడు పత్రం, తప్పుదోవ పట్టించే సమాచారం అని నిర్ధారిస్తే వీసా నియమాల్లోని 4020 నిబంధన కిందికి వస్తుంది. సాధారణంగా మూడేళ్ల పాటు వీసా ఇవ్వరు. వేరే వ్యక్తిగా చూపించుకున్న కేసులో పదేళ్లు. ఆ దెబ్బ అదే దరఖాస్తులో ఉన్న కుటుంబానికీ తగులుతుంది. ‘ఏజెంటు పెట్టాడు, నాకు తెలియదు’ అంటే సరిపోదు. మోసం ఎవరో ఒకరు చేశారా లేదా అన్నదే ముఖ్యం, అది దరఖాస్తుదారే చేసి ఉండాలని లేదు. ఇంజినీర్లకైతే ఇదే జబ్బు సీడీఆర్, అంటే స్కిల్ అసెస్‌మెంటుకు ఇచ్చే సామర్థ్య నివేదిక రూపంలో ఉంది. తన కెరీర్‌లో తాను చేసిన పని గురించి ‘నేను’ అని మూడు వ్యాసాలు రాసుకోవాల్సిన చోట, రెడీమేడ్ వ్యాసాలు అమ్ముతున్నారు. ఒకే వంతెన కథ ఎంతమంది సివిల్ ఇంజినీర్ల పేరు మీద వెళ్లిందో ఆ అమ్మేవాడికే తెలియాలి. ఇంజినీర్స్ ఆస్ట్రేలియా కాపీలను పట్టే సాఫ్ట్‌వేర్ వాడుతుంది, దొరికినవాళ్లను కొంతకాలం పాటు మళ్లీ దరఖాస్తు చేయనివ్వదు.

ఇంత చెప్పాక ఏజెంట్లందరూ దొంగలని మేం అనడం లేదు. కొన్ని ఫైళ్లకు నిపుణుడు కావలసిందే. గతంలో ఏ దేశమైనా వీసా తిరస్కరించి ఉంటే, పిల్లల్లో ఒకరికి దీర్ఘకాలిక వైద్యమో ప్రత్యేక చదువో అవసరమైతే, విడాకులై బిడ్డ కస్టడీ ఇద్దరి మధ్య ఉంటే, 498ఏ కేసు కోర్టులో నడుస్తుంటే, జీతం నగదుగా ఇచ్చిన చిన్న కంపెనీలో పనిచేసి పీఎఫ్ కూడా లేకపోతే సొంత వైద్యం వద్దు. వయసు అంచున ఉన్నవాళ్లూ అంతే. 33 నిండితే 30 పాయింట్లు 25 అవుతాయి, 40 నిండితే 15. 45 నిండితే ఇక ఆహ్వానమే ఉండదు. ఏ నెలలో ఏది ముందు చేయాలో తెలిసినవాడి సలహాకు అక్కడ నిజమైన విలువ ఉంది. మన పేర్ల గొడవ సంగతి సరేసరి: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఇంకో ఇంటిపేరు. దీనికి మాత్రం లక్షలు అక్కర్లేదు, ఒక అఫిడవిట్ చాలు.

మామూలు ఫైలున్నవాళ్లు కూడా మొత్తం ప్యాకేజీ కొననవసరం లేదు. రిజిస్టర్డ్ ఏజెంట్లలో చాలామంది గంట లెక్కన సలహా ఇస్తారు. కోడ్ ఏది, అనుభవం ఎన్నేళ్లుగా లెక్కకొస్తుంది, ఏ రాష్ట్రం నామినేషన్‌కు ఆశ ఉంది అన్న మూడు ప్రశ్నలు ఆ గంటలో అడగండి. ఫారాలు మీరే నింపుకోండి. మాకు తెలిసి ఇంతకు మించిన బేరం లేదు.

రిజిస్టర్డ్ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఆస్ట్రేలియాలో మైగ్రేషన్ ఏజెంట్లను ఓమారా అనే ప్రభుత్వ కార్యాలయం నమోదు చేస్తుంది. ప్రతి ఒక్కరికీ ఏడంకెల నంబరు ఉంటుంది, పేరు వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. 2021 మార్చి నుంచి అక్కడి లాయర్లు ఈ నమోదు లేకుండానే తమ లా లైసెన్సుతో ఈ పని చేయవచ్చు. చిక్కేమిటంటే ఈ చట్టం ఆస్ట్రేలియా గడ్డ మీదే చెల్లుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని ఆస్ట్రేలియా వీసా ఫైళ్లు నడిపేవాడికి నమోదు తప్పనిసరి కాదు. కెనడా, న్యూజిలాండ్ అలా వదిలేయలేదు. డబ్బు తీసుకుని వాళ్ల పీఆర్ వీసాల మీద సలహా ఇచ్చేవాడు ప్రపంచంలో ఎక్కడున్నా లైసెన్సు ఉండాలన్నాయి. అమలు ఎంతవరకు అంటే అది వేరే కథ. ఆస్ట్రేలియా ఫైలుకైతే కన్సల్టెన్సీలో అడగాల్సిన ప్రశ్న ఇది: ‘ఏజెంటును పెట్టుకున్నట్టు తెలిపే ఫారం 956లో ఏజెంటుగా సంతకం పెట్టేది ఎవరు, ఆయన నంబరెంత, ఆయనతో నేను ఒకసారి మాట్లాడవచ్చా?’ గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ మెల్‌బోర్న్‌లో ఉన్న ఎవరిదో అయి, ఆయనకు మీ ఫైలు ఉన్న సంగతే తెలియకపోవచ్చు. జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

ఇంకో అలవాటు మరీ ఘోరం. దరఖాస్తుదారు పేరు మీద కన్సల్టెన్సీ వాళ్లే కొత్త ఈమెయిల్ తెరుస్తారు, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే. అదనపు పత్రాలు అడుగుతూ ఆస్ట్రేలియా వీసా శాఖ నుంచి వచ్చే లేఖకు గడువు సాధారణంగా 28 రోజులు. ఆ లేఖ వచ్చిందని తెలిసేసరికి గడువు దాటిపోయిన కుటుంబాల బాధ ఎవరికి చెప్పుకోవాలి? స్కిల్‌సెలెక్ట్, వీసా దరఖాస్తు వేసే ఇమ్మీఅకౌంట్ రెండింటి లాగిన్ మీ దగ్గర ఉండాలి, సబ్మిట్ కొట్టే ముందు ప్రతి పేజీ మీరు చదవాలి. ఒప్పుకోని చోట డబ్బు కట్టకండి.

ప్రభుత్వాల సంగతికొస్తే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే రిక్రూటింగ్ ఏజెంట్లను ఉద్దేశించింది. పీఆర్ ఫైళ్ల వ్యాపారాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. పంజాబ్ 2012లోనే ఒక చట్టం చేసి ట్రావెల్ ఏజెంట్లు, వీసా కన్సల్టెంట్లు లైసెన్సు తీసుకోవాలంది. హరియాణా కూడా 2025లో ఆ బాట పట్టింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఇంకా ఎందుకు తటపటాయిస్తున్నాయో అర్థం కాదు. మోసం జరిగాక చీటింగ్ కేసు పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఎందుకంటే అప్పటికి ఆఫీసు ఖాళీ చేసి ఉంటారు. లైసెన్సు, దానికి పూచీగా డిపాజిట్, అగ్రిమెంట్ ప్రతి తెలుగులో, ‘గ్యారంటీ’ అన్న మాట బోర్డు మీద రాస్తే జరిమానా. ఈ నాలుగింటికీ పెద్ద కసరత్తు అక్కర్లేదు. విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్, ఏపీఎన్ఆర్‌టీ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ఏజెంటు నంబరు అసలుదో కాదో చూసి చెప్పే ఒక ఫోన్ లైను వాటిలో పెట్టినా సగం వ్యాపారం సర్దుకుంటుంది.

ఇప్పటికే డబ్బు కట్టి చిక్కుకున్నవాళ్లు వినియోగదారుల కమిషన్‌ను మరచిపోకూడదు. 2019 చట్టం ప్రకారం తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు, లాయరు ఉండి తీరాలని లేదు. అగ్రిమెంట్ కాపీ, బ్యాంకు రసీదులు, వాట్సాప్‌లో ‘హండ్రెడ్ పర్సెంట్ వస్తుంది సార్’ అన్న మెసేజుల స్క్రీన్‌షాట్లు జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ మెసేజులను కౌన్సిలరు డిలీట్ చేయకముందే.