చిమ్టా బుష్‌లకు సుత్తి వైద్యం

మలుపు తిరిగేటప్పుడు బండి వెనకభాగం కుక్కతోకలా ఊగుతోందా? మన వరంగల్‌లో దానికి మొదటి వైద్యం టైర్ల గాలి చూడటం. గాలి సరిగ్గానే ఉందని తేలితే రెండో వైద్యం కొత్త సీటు కవరు. రెండు మిర్చి బస్తాలు కట్టుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండికి వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చిమ్టాయే నడుము. పుస్తకాలు చదివినవాళ్లు దాన్నే స్వింగ్ ఆర్మ్ అంటారు. అది ఫ్రేముకు కలిసేచోట ఉండే బొటనవేలంత రెండు బుష్‌లు అరిగాయని ఒప్పుకోవడం ఇంటి పరువుకు సంబంధించిన విషయం కాబట్టి ఎవరూ తొందరపడరు.

పరువు లెక్కచేయని దుడుకువాళ్లు సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ ఊపి చూడొచ్చు. చిమ్టా కదలకుండా చక్రం ఒక్కటే ఆడితే తప్పు చక్రం బేరింగులది. చిమ్టా కూడా కదిలి, దాన్ని ఫ్రేముకు బిగించే పివట్ బోల్టు దగ్గర పెట్టిన వేలికి టక్కుమని తగిలితే తప్పు బుష్‌లది.

100, 125 సీసీ బళ్లలో చాలావాటికి రబ్బరు బుష్‌లుంటాయి. బయటొక ఇనుప గొట్టం, లోపలొకటి, మధ్యలో అతుక్కున్న రబ్బరు. కొన్ని బళ్లకు సూదుల్లాంటి సన్నటి రోలర్లుండే నీడిల్ బేరింగులు. నీడిల్‌కు గ్రీజు అన్నం లాంటిది, అది లేకపోతే తుప్పుపట్టి పోతుంది. రబ్బరుకు అదే గ్రీజు విషం, ఉబ్బి మెత్తబడుతుంది. మనవాళ్లు రబ్బరుకు దండిగా గ్రీజు పెట్టి, నీడిల్ ఉన్నచోట ప్రెషర్ నీళ్లు కొట్టిస్తారు. ఎవరికీ అన్యాయం జరగదు.

చక్రం, చైన్ కవరు, బ్రేక్ రాడ్, బ్రేకు పళ్లెం తిరగకుండా పట్టి ఉంచే టార్క్ లింక్, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పడం పెద్ద పనేం కాదు. అసలు తంటా పివట్ బోల్టు దగ్గర మొదలవుతుంది. ఎన్నో వానాకాలాలు చూసిన ఆ బోల్టు లోపలి గొట్టంతో కలిసి తుప్పుపట్టి ఒక్క ముద్దయి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిలు కొట్టి ఉంచాలి. పొద్దున నట్టును బోల్టు కొసకు సమంగా ఉండేలా తిప్పి, మధ్యలో ఇత్తడి ముక్క పెట్టి కొట్టాలి. అట్లయితే మరలు బతుకుతాయి.

అయితే సుత్తి రెండు రకాలు. ఒకటి చేతిలోది. రెండోది గోడమీద మోచేతులు ఆనించిన పక్కింటి కాకాది. "గట్లనా కొట్టేది? గట్టిగ ఒక్కటెయ్ బిడ్డా!" అంటాడు. ఒక్కటి పడుతుంది. మరలు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. ఇక బోల్టు ముందుకు రాదు, వెనక్కి పోదు. కాకా మాత్రం చాయ్‌కి పోతాడు.

బుష్ తీయడానికి సుత్తి అక్కర్లేదు. బుష్ బయటి గొట్టం కంటే వెంట్రుకంత చిన్న సాకెట్ ఒకవైపు, బుష్ మొత్తం దూరేంత పెద్దది రెండోవైపు పెట్టి, నడుమ పొడవాటి గట్టి బోల్టు, వాషర్లు, నట్టు వేసి బిగిస్తే గీరుకుంటూ బయటికొస్తుంది. సుత్తితో బాదితే రబ్బరు, లోపలి గొట్టం ఊడొచ్చి బయటి గొట్టం చిమ్టాలోనే ఉండిపోతుంది. అదే చిమ్టా రంధ్రమనుకుని కొత్త బుష్‌ను అందులోకి కుక్కడం, పట్టకపోతే "డూప్లికేట్ అంటగట్టిండు" అని షాపాయన్ని తిట్టడం మన ఆచారం. అక్కడ చేయాల్సింది వేరే: హాక్సా బ్లేడు లోపలికి పోనిచ్చి ఆ గొట్టాన్ని నిలువుగా కోసి, చిమ్టాకు తగలకముందే ఆపి, సన్నటి ఉలితో లోపలికి మడిచి తీయాలి.

కొత్త బుష్‌లు, రెండువైపులవీ కలిపి, రాత్రంతా ఫ్రీజర్లో పడుకోవాలి. రంధ్రాన్ని ఎమెరీ కాగితంతో తుడిచి, కాస్త సబ్బునీళ్లు రాసి, అదే బోల్టుతో లోపలికి లాగాలి. సాకెట్ బయటి గొట్టం మీదే ఆనాలి. లోపలిదాన్ని నొక్కితే రబ్బరు మొదటిరోజే చిరుగుతుంది. నీడిల్ అయితే అక్షరాలున్న వైపునుంచి నొక్కాలి.

చివర్లో చాలామంది బండి స్టాండు మీద ఉండగానే పివట్ నట్టును ప్రాణం పెట్టి బిగిస్తారు. రబ్బరు బుష్ తిరగదు, మెలిపడుతుంది. చిమ్టా వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉండి త్వరగా చస్తుంది. కాబట్టి కొత్త లాక్ నట్టు చేత్తో తిప్పి వదిలి, చక్రం, షాక్‌లు తగిలించి, బండిని నేలమీదికి దించి, ఎవరినైనా ఎక్కించి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించాలి. ఆ తర్వాత చైన్, బ్రేక్ సరిచేసి, టార్క్ లింక్ స్ప్లిట్ పిన్నును మర్చిపోకుండా వేయాలి.

ఎక్కించడానికి బరువైన మనిషి కావాలి గనక, చాయ్ తాగొచ్చిన కాకాకు ఎట్టకేలకు ఒక పని దొరుకుతుంది. సీటు మీద కూర్చుని రెండుసార్లు ఊగి చూస్తాడు.

"టైర్ల గాలి తక్కువున్నట్టుంది బిడ్డా."