ఆ మూల గోడని అలాగే ఉండనివ్వండి

సెయింట్ ఆండ్రూస్ అనగానే మనవాళ్లకి గోల్ఫ్ తప్ప ఇంకోటి గుర్తురాదు, కానీ ఆ స్కాట్లాండ్ ఊళ్లో సౌత్ స్ట్రీట్ పక్కనే గడ్డిలో ఒంటరిగా నిలబడ్డ ఓ పాత చాపెల్ (చిన్న ప్రార్థన మందిరం) ముక్క గురించి మేము నాలుగు మాటలు చెప్పాలి. మూడు పలకలుగా తిరిగిన గోడ, పొడుగాటి కిటికీలు, పైన పక్కటెముకల్లా అల్లుకున్న రాతి కమానులు, మిగిలింది అంతే. డొమినికన్లనే క్యాథలిక్ సన్యాసుల మఠం చర్చికి ఉత్తరం పక్కన 1520 ప్రాంతంలో కట్టారు, అబర్డీన్ బిషప్ ఎల్ఫిన్‌స్టన్ పోతూ పోతూ రాసిచ్చిన డబ్బు బాగా అక్కరకొచ్చింది. కట్టి నలభై ఏళ్లయినా అయ్యిందో లేదో, 1559 జూన్‌లో క్యాథలిక్ చర్చి మీద తిరగబడ్డ ప్రొటెస్టెంట్ బోధకుడు జాన్ నాక్స్ ఆ ఊళ్లో ప్రసంగాలు దంచేసరికి జనం మఠాల మీద పడ్డారు.

దీని వెనకాల పెద్ద బిల్డింగ్ పేరేంటో తెలుసా, మద్రాస్ కాలేజ్! ఆండ్రూ బెల్ ఆ ఊరాయనే, 1789లో మద్రాస్‌లో మగపిల్లల అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నాడు, అక్కడ ఓ వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి ఇదేదో బాగుందే అనుకున్నాడు, తన దగ్గరున్న టీచర్లు ససేమిరా అంటే ఎనిమిదేళ్ల కుర్రాడొకడికి ఆ పని అప్పగించాడు. అలా పిల్లలే పిల్లలకి చెప్పే పద్ధతి మద్రాస్ సిస్టమ్ అని దేశాలు తిరిగింది, ఆయన డబ్బుతోనే 1830లలో ఈ స్కూల్ లేచింది.

2021లో స్కూల్ ఊరి చివరికి మారిపోయింది, పాత బిల్డింగ్ యూనివర్సిటీ చేతికొచ్చింది. కొత్త ఓనర్ వచ్చాక ముందున్న శిథిలాన్ని "అందంగా" చెయ్యాలన్న సరదా ఎవరికో ఒకరికి పుట్టకపోదు. మన దగ్గర జీర్ణోద్ధరణ పేరుతో పాత గుడి రాళ్లకి పెయింట్ కొట్టి, టైల్స్ పరిచి, స్టీల్ గ్రిల్ బిగించడం చూసి చూసి ఉన్నాం కాబట్టే ఈ భయం. పడిపోకుండా సున్నం నింపండి, నీళ్లు దిగకుండా చూడండి, దాంతో ఆపండి. కొత్త కప్పు వద్దు, లైటింగ్ షో అసలొద్దు, ముందు గడ్డిలో కేఫ్ కుర్చీలూ వద్దు. బోర్డు పెడితే మాత్రం మఠం కథ కింద ఆ ఇసుక బడి గురించి రెండు లైన్లు రాయమంటున్నాం.